ఎల్‌టీఎఫ్‌టీ ఐడిలింగ్‌లో +14, హైవే మీద +3: టేబుల్ మార్చాలా, బండి చూడాలా?

పొదలకూరు_రోడ్డు
నెల్లూరు. 1.2 పెట్రోల్, నాలుగు సిలిండర్లు, 2016 మోడల్, బీఎస్4. గ్యాస్ కిట్టు లేదు. రీమ్యాప్‌కి (ఇంజిన్ కంప్యూటర్ ఈసీయూలో పెట్రోల్ టేబుల్ మార్చేదానికి) ముందు తీసిన రీడింగులు. ఎల్‌టీఎఫ్‌టీ, ఎస్‌టీఎఫ్‌టీ అంటే ట్రిమ్స్: ఆక్సిజన్ సెన్సార్‌ని చూసి ఈసీయూ పెట్రోల్ ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పేవి; మొదటిది నేర్చుకుని గుర్తుపెట్టుకున్నది, రెండోది అప్పటికప్పటిది. కూలెంట్ 88 డిగ్రీలు, ఏసీ ఆఫ్, క్లోజ్డ్ లూప్ (ఆక్సిజన్ సెన్సార్ మాట విని ఈసీయూ పెట్రోల్ సరిచేసే స్థితి).

ఐడిలింగ్ 780 ఆర్‌పీఎం: ఎల్‌టీఎఫ్‌టీ +14.06, ఎస్‌టీఎఫ్‌టీ సున్నాకి అటూ ఇటూ 2
న్యూట్రల్‌లో 2500: ఎల్‌టీఎఫ్‌టీ +4.69
కావలి వైపు హైవే, ఐదో గేరు, 80 స్పీడు: +3.13

చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు, కోడ్ లేదు. మైలేజీ తగ్గింది. ట్యూనర్ అనేదేందంటే, ఐడిలింగ్ సెల్స్‌లో (టేబుల్‌లో ఐడిలింగ్‌కి చెందిన గళ్లలో) 14 శాతం పెట్రోల్ పెంచితే ట్రిమ్ సున్నాకొస్తాది అని. పెంచచ్చా?

కావలి_గాలి
ఐడిలింగ్‌లో ఎక్కువ, స్పీడులో తక్కువ. ఇంక చూడాల్సిందేముండాది అన్నా, ఎక్కడో గాలి పీలస్తా ఉండాది. ఇన్‌టేక్ ప్యాకింగు, పీసీవీ పైపు (ఇంజిన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌లోకి లాగేది), బ్రేక్ బూస్టర్ పైపు. కార్బ్ క్లీనర్ కొంచెం కొంచెం కొట్టుకుంటా పో. ఎక్కడ కొడితే ఎస్‌టీఎఫ్‌టీ ధబీమని కిందికి పడతాదో అక్కడే ఓటు (లీకు). టేబుల్ జోలికి పోబాక.

ట్రిమ్_లెక్క
టేబుల్ జోలికి పోవద్దన్న మాట సరైనదే. కానీ కావలి గారూ, మీరు చెప్పిన గుర్తు మాఫ్ సెన్సార్ ఉన్న బండికి మాత్రమే. మాఫ్ అంటే ఫిల్టర్ దాటగానే గాలిని గ్రాముల్లో కొలిచేది. దాన్ని దాటాక లోపలికి దూరిన గాలి ఈసీయూ లెక్కలో ఉండదు. ఐడిలింగ్‌లో ఇంజిన్ సెకనుకి 2 గ్రాముల గాలి తీసుకుంటుందనుకోండి, ఓటు నుంచి 0.3 గ్రాములు వస్తే 15 శాతం తేడా. 80 స్పీడులో 12 గ్రాములు పోతున్నప్పుడు అదే 0.3 గ్రాములు 2.5 శాతం. అందుకే ఐడిలింగ్‌లో ఎక్కువ, పరుగులో తక్కువ.

మాఫ్ లేకుండా మ్యానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టం) ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సార్‌తో నడిచే బండిలో కథ వేరు. ఓటు పడితే మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడి పెరుగుతుంది, మ్యాప్ సెన్సార్ దాన్ని చూస్తుంది, ఈసీయూ దానికి తగ్గ పెట్రోల్ పోస్తుంది. ట్రిమ్ పెద్దగా కదలదు. ఐడిలింగ్ ఆర్‌పీఎం పెరుగుతుంది, లేదా దాన్ని దించడానికి థ్రాటిల్ మామూలుకన్నా ఎక్కువ మూసుకుంటుంది. ఒక సిలిండర్ రన్నర్ దగ్గరే ఓటు ఉంటే కొంత కదలొచ్చు, 14 దాకా రావడం అరుదు.

పొదలకూరు రోడ్డు గారూ, ఇవి చూసి చెప్పండి: స్కానర్ జాబితాలో మాఫ్ రీడింగ్ వస్తోందా? తాళం తిప్పి, స్టార్ట్ చేయకుండా మ్యాప్ ఎంత? ఐడిలింగ్‌లో మ్యాప్ ఎంత? వెనక ఆక్సిజన్ సెన్సార్ (పొగని శుభ్రం చేసే క్యాటలిస్ట్ తర్వాత ఉండేది) వోల్టేజీ ఎంత? బ్యాటరీ వోల్టేజీ ఎంత?

పొదలకూరు_రోడ్డు
మాఫ్ లేదు. తాళం తిప్పితే మ్యాప్ 101 కిలోపాస్కల్, ఐడిలింగ్‌లో 34. ఐడిలింగ్ కుదురుగానే ఉండాది. వెనక సెన్సార్ 0.82 వోల్టుల దగ్గర నిలబడి ఉండాది, కదల్లేదు. బ్యాటరీ 14.1.

ఇంకో అనుమానం. ఈ రీడింగు 3.13 నుంచి 3.91కి, 4.69కి ఎగురుతాది, మధ్యలో ఆగదు. నా అడాప్టర్‌ది చవక రకం. అందువల్లేనా?

బిట్టు_బైట్
అడాప్టర్ తప్పు కాదు. ఈసీయూ ఆ విలువను ఒకే బైట్‌లో పంపుతుంది, 0 నుంచి 255 దాకా. 128 అంటే సున్నా శాతం. వచ్చిన అంకెలోంచి 128 తీసేసి, 100తో గుణించి, 128తో భాగిస్తారు. ఒక్కో మెట్టు 0.78 శాతం. మీ 14.06 అంటే సరిగ్గా 18 మెట్లు. కాబట్టి 3.13కీ 3.91కీ మధ్య తేడా చూసి గుండెలు బాదుకోనక్కర్లేదు.

చవక అడాప్టర్‌తో అసలు చిక్కు వేగం. ఒకేసారి పది రీడింగులు పెడితే ఒక్కోటి రెండు మూడు సెకన్లకోసారి మారుతుంది. నాలుగే పెట్టండి: ఆర్‌పీఎం, మ్యాప్, ఎస్‌టీఎఫ్‌టీ, ఎల్‌టీఎఫ్‌టీ.

ట్రిమ్_లెక్క
సముద్రమట్టానికి దగ్గరున్న నెల్లూరులో తాళం తిప్పితే 101 రావాలి, వచ్చింది. 34 కూడా వేడెక్కిన ఇంజిన్‌కి సరైనదే. మ్యాప్ సెన్సార్ అబద్ధం చెప్పడం లేదు.

0.82 మీదే నా కన్ను. మామూలు ఆక్సిజన్ సెన్సార్ 0.45 వోల్టుల పైన ఉంటే రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అంటుంది, కింద ఉంటే లీన్ (పెట్రోల్ తక్కువ) అంటుంది. మిక్చర్ నిజంగా లీనై, ఈసీయూ 14 శాతం పోసి సరిచేసి ఉంటే, చివరికి మిక్చర్ సరిగ్గానే ఉండాలి. అప్పుడు వెనక సెన్సార్ 0.6, 0.7 దగ్గర నిలకడగా ఉంటుంది. మీది 0.82. అంటే ముందు సెన్సార్ లీన్ అంటోంది, వెనకది రిచ్ అంటోంది. ఇద్దరిలో ఒకరు మోసపోతున్నారు. నా అనుమానం ముందుదాని మీద, అది దానికి ముందే ఎగ్జాస్ట్‌లోకి దూరిన బయటి గాలిని చూస్తోందని.

ఎగ్జాస్ట్‌లో నుంచి పొగ బయటికే కదా వస్తుంది, గాలి లోపలికెలా పోతుందని అడుగుతారు. ఐడిలింగ్‌లో పొగ ధారగా రాదు, దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. రెండు దెబ్బల మధ్య పైపులో ఒత్తిడి బయటి గాలికన్నా కిందికి పడుతుంది. ఆ క్షణంలో సందులోంచి గాలి లోపలికి వస్తుంది. ఆర్‌పీఎం పెరిగితే లోపల ఒత్తిడి పెరిగి పీల్చడం తగ్గుతుంది. మీ 14, 4.69, 3.13 వరస దానికి అచ్చంగా సరిపోతుంది.

ఒక జాగ్రత్త. దూరిన గాలి పొగలో బాగా కలిసిపోతే, క్యాటలిస్ట్‌లో ఆ ఆక్సిజన్ మిగిలిన పెట్రోల్‌ని కాల్చేసి వెనక సెన్సార్‌ని మామూలుగానే చూపించవచ్చు. వెనకది బాగుంది కాబట్టి ఎగ్జాస్ట్ ఓటు లేదని కొట్టిపారేయడానికి లేదు. అబద్ధం చెప్పని సాక్షి ప్లగ్గులే. నాలుగూ పొడి మసితో నల్లగా ఉంటే సిలిండర్ లోపల రిచ్ నిజం.

మైపాడు_ఉప్పు
ఓటు పట్టేదానికి స్కానర్ అక్కర్లేదు. ఇంజిన్ చల్లగా ఉండగా చెయ్యాల, వేడి మీద వద్దు. వాక్యూమ్ క్లీనర్‌ని గాలి ఊదే వైపు పెట్టి సైలెన్సర్ మూతికి గుడ్డ చుట్టి బిగించు. సబ్బు నీళ్లు స్ప్రే బాటిల్లో పోసి ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ ప్యాకింగు చుట్టూ, ఆక్సిజన్ సెన్సార్ చుట్టుపక్కల కొట్టు. బుడగలొచ్చిన చోట ఓటు. ఊదేది లేకపోతే, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి తడిగుడ్డతో మూతి మూస్తే టిక్ టిక్ అనే శబ్దం ఓటు దగ్గర గట్టిగా వినపడతాది. అర నిమిషంలో ముగించాల, మ్యానిఫోల్డ్ తొందరగా కాలిపోతాది.

కంటితో చూసినా తెలుస్తాది. ప్యాకింగు అంచు నుంచి హెడ్డు మీదికి నల్లటి మసి గీత విసనకర్ర మాదిరి పరుచుకోని ఉంటాది. సముద్రం పక్కన తిరిగే బండ్లలో స్టడ్డు నట్లు తుప్పు పట్టి బిగువు పోవడం మామూలే. హీట్ షీల్డ్ కింద ఉంటాది కాబట్టి ఎవురూ చూడరు.

ఇంకోటి, కార్బ్ క్లీనర్ అన్నారే, దాన్ని వేడి మ్యానిఫోల్డ్ దగ్గర కొట్టబాకండి. భగ్గుమంటాది.

చీమకుర్తి_దుమ్ము
మాది మాఫ్ బండి. మధ్యలో దూరినందుకు ఏమనుకోవద్దు. ఐడిలింగ్‌లో −6, హైవే లోడులో +9. క్వారీ రోడ్డు దుమ్ముకి ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఇలా అవుతుందా?

ట్రిమ్_లెక్క
ఫిల్టర్ మూసుకుపోతే రిచ్ అవుతుందన్నది కార్బ్యురేటర్ కాలం మాట. ఇంజెక్షన్ బండిలో గాలి తగ్గితే మాఫ్ ఆ తగ్గిన గాలినే కొలుస్తుంది, పెట్రోల్ కూడా తగ్గుతుంది. పికప్ పోతుంది గానీ ట్రిమ్ కదలదు. మీ గుర్తు, అంటే ఐడిలింగ్‌లో మైనస్, లోడులో ప్లస్, మురికిపట్టిన మాఫ్ తీగది. ఫిల్టర్ దాటొచ్చిన సన్నటి గ్రానైట్ పొడి తీగ మీద పొరలా పడితే తక్కువ గాలిని ఎక్కువగా, ఎక్కువ గాలిని తక్కువగా చెబుతుంది. మాఫ్ క్లీనర్ అని విడిగా దొరుకుతుంది, అదే వాడండి. తీగని గుడ్డతో, దూదితో ముట్టుకోవద్దు. పూర్తిగా ఆరాక బిగించండి. నూనె పూసే రకం ఫిల్టర్ ఉంటే దాని నూనె కూడా తీగ మీదికే చేరుతుంది. ఫిల్టర్ పెట్టె క్లిప్పులు నాలుగూ గట్టిగా పడుతున్నాయో లేదో చూడండి, దుమ్ము వచ్చేది ఎక్కువగా ఆ సందులోంచే.

శుభ్రం చేశాక కూడా లోడులో +9 అలాగే ఉంటే పెట్రోల్ ఒత్తిడి చూడాలి. ఇంజెక్టర్ పోసే పెట్రోల్ ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి మారుతుంది. 3.5 బార్ ఉండాల్సింది 3కి పడితే 7 శాతం పైగా తగ్గుతుంది, ట్రిమ్ 8 దాకా పెరుగుతుంది. ఐడిలింగ్‌లో సరిగ్గా ఉండి, మూడో గేరులో యాక్సిలరేటర్ తొక్కినప్పుడే ఒత్తిడి జారితే పంపు గానీ ట్యాంకులోని ఫిల్టర్ గానీ. గిద్దలూరు దాటాక నల్లమల ఘాట్ ఎక్కేటప్పుడు లాగ్ తీస్తే దాక్కోవడానికి దానికి చోటుండదు.

కనిగిరి_డీజిల్
డీజిల్ బండిలో ఈ ట్రిమ్ ఎంత ఉండాలి?

బిట్టు_బైట్
పెట్రోల్ బండ్లలో లాగా 14.7 నిష్పత్తి చుట్టూ తిరిగే ట్రిమ్ డీజిల్‌లో ఉండదు. అక్కడ ఇంజెక్టర్ కరెక్షన్ విలువలు చూడాలి. అది వేరే చర్చ.

పొదలకూరు_రోడ్డు
ప్లగ్గులు నాలుగూ పొడి మసి. సబ్బు నీళ్లు కొడితే నాలుగో సిలిండర్ పోర్టు కింద బుడగలు. హీట్ షీల్డ్ తీస్తే మైపాడు అన్న చెప్పిన మసి గీత కనపడింది, అరచెయ్యంత. ఒక నట్టు వేలితో తిరగతా ఉండాది.

కావలి_గాలి
సరే, ఒప్పుకుంటిని. మాఫ్ ఉండాదా లేదా అని ముందు అడగాల్సింది.

సెల్_టేబుల్
ఇప్పుడు ట్యూనర్ మాట వినుంటే ఏమయ్యేదో చూడండి. ఐడిలింగ్ సెల్స్‌లో 14 శాతం పోసేవాడు, ఎల్‌టీఎఫ్‌టీ సున్నా అయ్యేది, స్క్రీన్ మీద అంతా పచ్చగా ఉండేది. సిలిండర్‌లో రిచ్ మాత్రం అలాగే ఉండేది. రేపు ప్యాకింగు మార్చిన రోజు ట్రిమ్ ఒక్కసారిగా −12కి పడేది, అప్పుడు ఇంజెక్టర్ కారుతోందని వెతుక్కునేవారు.

ట్రిమ్ చూసి టేబుల్ దిద్దే పద్ధతి ఇది. ముందు మెకానికల్ లోపాలు లేవని తేలాలి. పాత కోడ్లు, ఫ్రీజ్ ఫ్రేమ్ (కోడ్ పడ్డప్పటి రీడింగులు) రాసుకుని, ట్రిమ్స్ రీసెట్ చేయాలి. సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటే లాగింగ్ అప్పుడు ఎల్‌టీఎఫ్‌టీ నేర్చుకోవడం ఆపేయాలి, ట్యాంకు ఆవిరిని లాగే పర్జ్ వాల్వ్ కూడా. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకి ట్యాంకులో లేచే ఆవిరి ఊరికే పోదు, పర్జ్ తెరుచుకోగానే ట్రిమ్ మైనస్‌లోకి జారుతుంది, దాన్ని టేబుల్ తప్పు అనుకుంటారు. పర్జ్ ఆపలేకపోతే దాని డ్యూటీని (ఎంత శాతం తెరుచుకుందో) కూడా లాగ్‌లో పెట్టి, అది సున్నా కాని వరసలన్నీ తీసేయండి.

కూలెంట్ 80 దాటనివి, యాక్సిలరేటర్ కదులుతున్నప్పటివి, వదిలేసి బండి దొర్లుతున్నప్పటివి కూడా తీసేయాలి. ఒక్కో సెల్‌లో కనీసం 50 నమూనాలు లేకుంటే ఆ సెల్‌ని ముట్టుకోను. ఎస్‌టీఎఫ్‌టీ, ఎల్‌టీఎఫ్‌టీ రెండూ కలిపి సగటు తీయాలి. సెల్‌లో 62 ఉండి సగటు +6 అయితే, 62ని 1.06తో గుణించి 65.7. పక్క సెల్స్‌తో గుట్టలూ గుంటలూ లేకుండా సర్ది మళ్లీ లాగ్.

పొదలకూరు_రోడ్డు
ఐడిలింగ్ సెల్స్ ఒక్కటే తప్పుంటే, ఎగ్జాస్ట్ ఓటు లేదని తేలాక కూడా, అప్పుడు టేబుల్ తప్పేనా?

సెల్_టేబుల్
ముందు ఇంజెక్టర్ డెడ్ టైమ్ చూడాలి. కరెంటు అందాక సూది లేవడానికి పట్టే టైము అది. ఐడిలింగ్‌లో ఇంజెక్టర్ 2.5 మిల్లీసెకన్లు తెరిస్తే అందులో 1 డెడ్ టైమ్ అనుకోండి, పనిచేసేది 1.5. డెడ్ టైమ్‌లో 0.1 తప్పు పెడితే 6.7 శాతం తేడా. లోడులో 8 తెరిస్తే పనిచేసేది 7, అదే 0.1కి 1.4 శాతం. అన్ని లోడుల్లోనూ ఒకే శాతం తేడా ఉంటే ఇంజెక్టర్ ఫ్లో అంకె తప్పు. చిన్న పల్స్‌లో మాత్రమే తేడా ఉంటే డెడ్ టైమ్. హెడ్‌లైట్లు, బ్లోయర్, వెనకద్దం హీటర్ అన్నీ వేసి బ్యాటరీ వోల్టేజీ దించి చూడండి. వోల్టేజీతో పాటు ట్రిమ్ కదిలితే డెడ్ టైమ్ టేబులే.

ఫుల్ థ్రాటిల్ గురించి ఒక మాట. అక్కడ ఈసీయూ ఆక్సిజన్ సెన్సార్ మాట వినదు, ఓపెన్ లూప్. అక్కడి మిక్చర్ గురించి ట్రిమ్ ఏమీ చెప్పదు. వైడ్‌బ్యాండ్ (మిక్చర్ నిష్పత్తిని కచ్చితంగా కొలిచే సెన్సార్) లేకుండా ఆ సెల్స్ దిద్దితే పిస్టన్‌తో జూదమాడినట్టే. కొన్ని ఈసీయూలు హైవే మీద నేర్చుకున్న ప్లస్ ట్రిమ్‌ని ఫుల్ థ్రాటిల్‌లో కూడా కలుపుతాయి, అదింకో తలనొప్పి.

ఒంగోలు_గ్యాస్‌కిట్
సీక్వెన్షియల్ సీఎన్‌జీ కిట్టు ఉన్నవాళ్లకి. గ్యాస్ మీద నేర్చుకున్న ఎల్‌టీఎఫ్‌టీని పెట్రోల్‌ది అనుకోకండి, చాలా ఈసీయూల్లో మెమరీ ఒకటే. గ్యాస్ మ్యాప్ సరిగ్గా లేని బండి గ్యాస్ మీద +15 నేర్చుకుని, పెట్రోల్‌కి మారగానే 15 శాతం ఎక్కువ పోస్తుంది. కొన్ని కిలోమీటర్లు నల్లగా వదిలి మళ్లీ దిగుతుంది. రెండింటికీ మధ్య ఊగుతూనే ఉంటుంది.

ముందు పెట్రోల్ మీద ట్రిమ్స్ కుదురుకోనివ్వండి. ఐడిలింగ్, 2500, మూడో గేరు 50, ఐదో గేరు 80, ఈ నాలుగు చోట్లా పెట్రోల్ ఇంజెక్షన్ టైము రాసుకోండి. రెడ్యూసర్ (గ్యాస్ ఒత్తిడి తగ్గించేది) బాగా వేడెక్కాక గ్యాస్‌కి మార్చి అదే చోట్ల చూడండి. ఈసీయూ లెక్కగట్టే పెట్రోల్ టైము మారకూడదు. 4.0 ఉన్నది గ్యాస్ మీద 4.6 అయితే గ్యాస్ తక్కువ పడుతోంది, ఆ చోట కోఎఫిషియెంట్ (గ్యాస్ ఎంత పోయాలో చెప్పే గుణకం) పెంచండి. అన్ని చోట్లా ఒకేలా పెరుగుతుంటే కోఎఫిషియెంట్ ముట్టుకోకముందే గ్యాస్ ఫిల్టరూ రెడ్యూసర్ ఒత్తిడీ చూడండి.

పొదలకూరు_రోడ్డు
ప్యాకింగు కొత్తది, స్టడ్లు నాలుగు కొత్తవి, నట్లు మొత్తం కొత్తవి. రీసెట్ చేసి 60 కిలోమీటర్లు తిప్పాక:

ఐడిలింగ్: +3.91, వెనక సెన్సార్ 0.66
2500: +3.13
హైవే 80: +3.13

అంతటా 3, 4 మిగిలింది. ఇది ఇంజెక్టర్ ఫ్లో తప్పా?

ట్రిమ్_లెక్క
కాదు, అది బంకులో పోసిన పెట్రోల్. ఇథనాల్ లేని పెట్రోల్‌కి 14.7 పాళ్ల గాలి కావాలి, 10 శాతం కలిపితే 14.1, 20 శాతం కలిపితే దాదాపు 13.5. దేశంలో కలిపే ఇథనాల్ 2025లో 20 శాతానికి చేరింది. 2016 బండి పాత పెట్రోల్‌కి సరిపెట్టిన టేబుల్‌తో వచ్చింది. 10 నుంచి 20కి మారితే మూడు నాలుగు శాతం ప్లస్ రావాల్సిందే, అన్ని లోడుల్లోనూ సమానంగా రావాలి. మీకు అలాగే వచ్చింది.

చూసుకోవాలనుకుంటే 100 మిల్లీలీటర్ల గీతల గాజు గొట్టంలో 10 నీళ్లు, 90 పెట్రోల్ పోసి, మూత పెట్టి గట్టిగా ఊపి పది నిమిషాలు నిలబెట్టండి. ఇథనాల్ నీళ్లలోకి దిగుతుంది. అడుగు పొర 10 నుంచి 28 దగ్గరికి పెరిగితే 18 మిల్లీలీటర్ల ఇథనాల్, అంటే 20 శాతం. మంటకి దూరంగా, ఆరుబయట చేయండి.

సెల్_టేబుల్
ఈ 3 శాతం కోసం ఫ్లో అంకె మార్చమని నేను చెప్పను. ప్లస్ మైనస్ 5 లోపల ఈసీయూ పని ఈసీయూని చేసుకోనివ్వండి. కానీ రీమ్యాప్ ఎలాగూ చేయిస్తున్నారు కాబట్టి ఫుల్ థ్రాటిల్ సెల్స్‌ని వైడ్‌బ్యాండ్ పెట్టి ఈ పెట్రోల్‌తోనే చూడమనండి. ట్రిమ్ అక్కడ కాపాడదు, 20 శాతం ఇథనాల్‌తో అక్కడ లీన్ నిజం.

మైపాడు_ఉప్పు
రెండు మూడు సార్లు ఇంజిన్ వేడెక్కి చల్లారినాక ఆ నట్లు మళ్లీ ఒకసారి బిగించు తమ్ముడూ, మాన్యువల్లో ఉన్న టార్క్‌కి, చల్లగా ఉన్నప్పుడే. కొత్త ప్యాకింగు అణుగుతాది. హీట్ షీల్డ్ అప్పటిదాకా బిగించబాక, మళ్లీ విప్పేదానికి.